ఉప్పుమడులపై ఆకాశమునకు ఆరంగుళముల అద్దము

ఫిబ్రవరి నడిమి దినములలో, చంద్రుడు లేని రాత్రి ఎనిమిదిన్నర దాటిన వేళ, నౌపడ ఉప్పుమడుల గట్టుమీద నిలిచి, చేయి ముందుకు చాచి పిడికిలి బిగించి, ఆ పిడికిలి వెడల్పునే కొలబద్దగా గొని ఉత్తరదిక్కున ధ్రువనక్షత్రము క్షితిజమునుండి ఎంత ఎత్తున నున్నదో కొలిచి, పిమ్మట వెనుదిరిగి దక్షిణమున సముద్రముమీద వెలుగుచున్న అగస్త్యుని ఎత్తును అదే రీతిని కొలిచినవారికి, రెండును రెండేసి పిడికిళ్ళకు కాస్త తక్కువగా, ఇంచుమించు సమానముగా కనబడును. ఒక స్థలముయొక్క అక్షాంశ మెంతయో అచ్చటి ధ్రువస్థానముయొక్క ఎత్తు అంతయే. అగస్త్యుడు ఖగోళమధ్యరేఖకు దక్షిణముగా 52.7 డిగ్రీల దూరమున నున్నాడు గనుక దక్షిణమునకు పోవుకొలది ఆతని ఎత్తు పెరుగును, ఉత్తరమునకు పోవుకొలది తరుగును. ఈ రెండు ఎత్తులును సరిగా తుల్యమగు అక్షాంశము 18.65 డిగ్రీలు; ఆ రేఖ టెక్కలికిని పలాసకును నడుమనుండి పోవుచున్నది, నౌపడ దానికి ఇసుమంత దక్షిణమున నున్నది. కాశీనగరములో అగస్త్యుడు పండ్రెండు డిగ్రీలకు మించి లేవడు. పారిస్ నగరమున ఆతడు ఎన్నడును ఉదయింపడు.

శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానపు తీరమున ఆకాశమును చూడదలచినవారు ఏ సాధనమును సంపాదింపవలెనను ప్రశ్న వచ్చినప్పుడెల్ల ఈ సంగతియే నాకు మొదట తోచును. ఏలయన, దూరదర్శినులను గూర్చియు, వానితో చూడదగిన వస్తువులను గూర్చియు మనకు లభించు గ్రంథములలో పెక్కు యూరపు, అమెరికాల ఆకాశమును దృష్టియం దుంచుకొని వ్రాయబడినవి. వాని ననుసరించువాడు తన పెరటిలో ఉత్తరపు సగమునే చూచి, దక్షిణమున నున్న భాగ్యమును ఎఱుగకయే ఊరకుండును. ఆ భాగ్యమును అనుభవింపవలెనన్న దర్పణ దూరదర్శినియే తగిన సాధనమనియు, దానిని ఈ జిల్లాలోని ఒక ఉపాధ్యాయుడో, వడ్రంగియో, ఇంటరు చదువుచున్న బాలికయో తన చేతులతోనే నిర్మించుకొనవచ్చుననియు నా దృఢవిశ్వాసము.

దూరదర్శిని చేయు ప్రధానకార్యము వస్తువును పెద్దదిగా చూపుట యని లోకులు తలంతురు. అంగళ్ళలో అమ్ముడగు పెట్టెలపైన ఐదువందల రెట్లు, ఆరువందల రెట్లు అని వ్రాసియుండుటయు ఈ భ్రమను పెంచుచున్నది. అట్టి సంఖ్యలను చూచి కొనుట వ్యర్థము. తారలు ఎంత పెంచినను చుక్కలే. వానిని మనకు కనబడనీయనిది చిన్నతనము గాక మసకతనము. చీకటిలో పూర్తిగా విప్పారిన మానవనేత్రపు కనీనిక వ్యాసము ఏడు మిల్లీమీటర్లకు మించదు. ఆరంగుళముల దర్పణము వ్యాసము నూటయేబది మిల్లీమీటర్లు. కాంతిని గ్రహించు శక్తి వ్యాసముయొక్క వర్గము ననుసరించి యుండును గావున, ఆ దర్పణము మన కంటికంటె సుమారు 450 రెట్లు అధికముగా వెలుగును కూడగట్టి మన కంటికే అందించును. అంతియే గాక, ఒకదాని కొకటి అతి సమీపముననున్న రెండు తారలను వేఱుపఱచి చూపు సామర్థ్యమును దర్పణపు వ్యాసముతోడనే పెరుగును. పరిమాణవృద్ధి యన్నది నేత్రకటకమును మార్చుటచే వచ్చునది. నూటయేబది మిల్లీమీటర్ల అద్దమునకు మూడువందల రెట్లను దాటించినచో లభించునది మసక తప్ప మరేమియు లేదు.

వెలుగును కూడగట్టుటకు కటకమైనను సరియే, దర్పణమైనను సరియే. అయినను కటకముగుండ ప్రసరించునప్పుడు తెల్లని వెలుగులోని ఒక్కొక్క వర్ణము ఒక్కొక్క కోణమున వంగుటచేత ఎఱ్ఱని వెలుగు ఒకచోటను నీలి వెలుగు వేఱొకచోటను నాభి నొందును, తారల చుట్టును రంగుల పరివేషము లేర్పడును. దర్పణమునుండి మఱలునప్పుడు సకలవర్ణములును ఒకే కోణమున మఱలును. వర్ణవిభజనమును స్వయముగా పరిశోధించిన న్యూటను ఈ మర్మమును గ్రహించి 1668లో రాగి తగరముల మిశ్రలోహముతో చిన్న దర్పణమును పోతపోసి, ఆరంగుళముల పొడవుగల దూరదర్శినిని తానే నిర్మించెను. గొట్టపు అడుగున పుటాకార దర్పణము. పైభాగమున నలుబదియైదు డిగ్రీలు వాలియున్న చిన్న సమతల దర్పణము. అది వెలుగును ప్రక్కకు మఱల్పగా అచ్చట నేత్రకటకము. నేటికిని పెరటి దూరదర్శినులలో అధికభాగము ఈ విన్యాసమునే అనుసరించుచున్నవి. కటక దూరదర్శినికి దోషములేని పారదర్శకమైన గాజు కావలయును, దానిని జంటగా గూర్చి నాలుగు తలములను తీర్చవలయును. దర్పణమునకు తీర్పవలసినది ఒకే తలము, వెలుగు గాజులోనికి ప్రవేశింపదు గనుక లోపల బుడగలున్నను హానిలేదు. చేతిపనివానికి ఈ భేదము మిక్కిలి గొప్పది. 1781 మార్చి 13వ తేదీన ఇంగ్లండులోని బాత్ పట్టణమున, తన ఇంటి పెరటినుండి, యురేనస్ గ్రహమును కనుగొనిన విలియం హెర్షెల్ వృత్తిచే సంగీతవిద్వాంసుడు. ఆతడు వాడిన ఆరంగుళములకు పైబడిన దర్పణము ఆతడు స్వహస్తములతో మెరుగుపెట్టినది.

మన తీరమున ఖగోళదర్శనమునకు చరిత్ర లేకపోలేదు. నౌపడకు నైరుతిదిక్కున నున్న విశాఖపట్టణములో గోడే వెంకట జగ్గారావుగారు, మదరాసు నక్షత్రశాలాధ్యక్షుడగు టేలరువద్ద శిష్యుడై ఈ శాస్త్రము నేర్చుకొని, 1840 ప్రాంతమున డాబాతోటలలో స్వంతవ్యయముతో నక్షత్రశాలను నెలకొల్పిరి. ఆయన 1856లో గతించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ప్రభుత్వోద్యోగమును విడిచి దాని భారమును వహించి, 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమును దాటుటను అచ్చటనుండి శాస్త్రీయముగా పరిశీలించిరి. ఆ సాధనములు కటకములతో కూడినవి, విదేశములనుండి తెప్పింపబడినవి, జమీందారీ కుటుంబమునకు గాని అలవికానివి. అందుకు ఆఱు సంవత్సరములకు పూర్వము, 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకై గుంటూరున దిగిన పరివారములలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ పేరు మనవారిలో పలువురు వినియుందురు. అదే పట్టణమున మేజర్ టెనెంట్ ఛాయాచిత్రములు తీసినది మాత్రము వెండిపూత పూసిన తొమ్మిదంగుళముల గాజుదర్పణముగల న్యూటను పద్ధతి దూరదర్శినితో. గాజుమీద వెండిని పూయు విద్య అప్పటికి ఇంకను క్రొత్తది. పదిపండ్రెండేండ్ల వయస్సు దానిది. అది అంత శీఘ్రముగా తెలుగునేల నంటుట నాకు ఎంతయు ఆనందము కలిగించు విషయము. హైదరాబాదులో నిజామియా నక్షత్రశాల పదునైదంగుళముల కటకముతో ప్రసిద్ధి గాంచగా, దానిని నడిపిన ఉస్మానియా విశ్వవిద్యాలయమే 1968లో జపాల్-రంగాపూరున నలుబదియెనిమిదంగుళముల యంత్రమును స్థాపించునప్పుడు దర్పణమునే ఎన్నుకొనెను.

గాజుదర్పణము పుట్టుక చూడవలసినదే గాని చెప్పిన చాలదు. అయినను కొంత చెప్పెదను.

ఆరంగుళముల వ్యాసముగల దళసరి గాజుబిళ్ళలు రెండు తెచ్చి, ఒకదానిని పీపామీదనో బల్లమీదనో కదలకుండ బిగించి, దానిపై కార్బోరండం పొడి, నీరు చల్లి, రెండవ బిళ్ళను బోర్లించి ముందు వెనుకలకు రుద్దవలయును. రుద్దుచు పైబిళ్ళను చేతులలో కొంచెము కొంచెముగా త్రిప్పుచు, తాను పీపాచుట్టును అడుగడుగుగా తిరుగుచుండవలయును. పైబిళ్ళ అంచు దాటి జరిగినప్పుడెల్ల ఒత్తిడి దాని మధ్యభాగమునను, క్రిందిబిళ్ళ అంచులయందును అధికమగుటచేత, పైది మెల్లమెల్లగా గుంటపడును, క్రిందిది ఉబ్బును. ఇచ్చట ప్రకృతి చేతిపనివానికి చేయు మేలు వర్ణింపశక్యము గానిది. రెండు తలములను ఏ దిక్కునకు జరిపినను, ఎంత త్రిప్పినను, అవి పరస్పరము అంతటను అంటియుండవలెనన్న అవి గోళభాగములు కాక తప్పదు. కావున రుద్దువానికి గణితము రాకున్నను, చేయి కాస్త తడబడినను, వేలకొలది రాపిడులలో ఎగుడుదిగుడులన్నియు అరిగిపోయి గోళాకారమే తుదకు నిలుచును. 80వ నంబరు ముతకపొడితో మొదలిడి, క్రమముగా మెత్తనివానికి దిగుచు 600వ నంబరు వచ్చునప్పటికి గరగర శబ్దము సన్నగిల్లి మౌనమగును. నాభ్యంతరము నలుబదియెనిమిదంగుళములు కావలెనన్నచో మధ్యను పడవలసిన గుంట లోతు 1.2 మిల్లీమీటరు మాత్రమే. తరువాత క్రిందిబిళ్ళమీద తారో గుగ్గిలమో కరిగించి పోసి గడులుగా కోసిన మెత్తని పొరపైన, సీరియం ఆక్సైడుతో మెరుగుపెట్టవలయును.

మెరుగు వచ్చినంతనే పని ముగిసినదని భ్రమింపరాదు. దూరమునుండి సమాంతరముగా వచ్చు తారాకిరణములను ఒకే బిందువునకు చేర్చునది గోళము గాక పరావలయము. ఈ రెండింటిని మధ్యభాగమున కలిపి చూచినచో, అంచువద్ద వాని భేదము మిల్లీమీటరులో మూడువేలవ వంతునకు లోబడియుండును. ఇంత సూక్ష్మభేదమును కొలుచుటకు పెద్ద యంత్రములు కావలెనని తోచును. ఫ్రాన్సు దేశీయుడగు ఫూకో 1858లో చూపిన ఉపాయమునకు కావలసినవి ఒక చిన్న దీపము, సూదిమొనయంత రంధ్రము పొడిచిన రేకు, ఒక క్షౌరపుబ్లేడు. దర్పణమును నిలువుగా నుంచి, ఎనిమిదడుగుల దూరమున, దాని వక్రతాకేంద్రమువద్ద దీపపురంధ్రమును నిలిపి, దర్పణము మఱల్చిన కిరణములు తిరిగి కూడు చోటున కన్ను పెట్టి, ఆ కిరణపుంజమును బ్లేడు అంచుతో మెల్లగా కోయవలయును. గోళమైనచో దర్పణమంతయు ఒక్కసారిగా బూడిదవన్నెకు మసకబారును. పరావలయమైనచో వెలుగునీడలు దానిమీద వ్రాలి, మధ్య గుంటగల గారె యొకటి అద్దముమీద ఉబ్బి నిలిచినట్లు స్పష్టముగా కనిపించును. చేతితో తడిమిన తగులదు, కంటికి మాత్రము లోతు తోచుచుండును. ఈ పరీక్ష ఎంత సున్నితమైన దనగా, అద్దముపై క్షణకాలము వ్రేలు మోపి తీసినచో, ఆ స్పర్శ వేడికి గాజు వ్యాకోచించిన చోట ఒక మెట్ట లేచి, కొన్ని నిమిషములకు చల్లారి అణగిపోవుట ప్రత్యక్షముగా చూడవచ్చును. ఒక సామాన్యమానవుడు పల్లెటూరి గదిలో బ్లేడుముక్కతో కాంతితరంగము పొడవులో ఎనిమిదవ వంతును గుర్తింపగలుగుట కంటె నమ్మశక్యముకాని విషయము పదార్థశాస్త్రమున మఱి లేదని నేను భావింతును.

తీర్చిన అద్దమునకు వెనుకటి కాలమున వెండి పూసెడివారు; 1930 దశకమునుండి శూన్యపాత్రలో అల్యూమినియమును ఆవిరి చేసి పలుచని పొరగా పట్టింపజేయు పద్ధతి వ్యాపించినది. ఈ ఒక్క పనిని మాత్రము నగరములోని ప్రయోగశాలకో కర్మాగారమునకో పంపి చేయించుకొనవలయును. తక్కిన గొట్టము, పీఠము మన వడ్రంగి పని. పీఠము విషయమున మనమందఱము జాన్ డాబ్సను అను సాధువునకు ఋణపడియున్నాము. 1915లో చైనా రాజధానిలో జన్మించి, 1944లో శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంతసంఘపు మఠమున చేరిన ఆతడు, భగవంతుని సృష్టిని ఎల్లరును కన్నులార చూడవలెనను కాంక్షతో పారవేసిన ఓడకిటికీల అద్దములను అరగదీసి దూరదర్శినులు చేసి, ఆ వ్యాసంగమే కారణముగా 1967లో మఠమును వీడి, అటుపిమ్మట 2014లో దేహము చాలించువఱకు వీథులలో దారిన పోవువారికి చంద్రుని, శనిని చూపుచు తిరిగెను. ఆతని పీఠము రెండు ప్లైవుడు పెట్టెలు: ఒకటి నేలమీద గుండ్రముగా తిరుగును, గొట్టము రెండవదానిలో పైకి క్రిందికి వాలును, సన్‌మైకా తలము టెఫ్లాను బిళ్ళలమీద జారుచుండుటచేత వ్రేలితో నెట్టిన కదలును, వదలిన నిలుచును. పలాసలోనో టెక్కలిలోనో తలుపులు, మంచములు చేయు పనివాడు రెండు దినములలో దీనిని చేయగలడు.

ఉద్దానమున దూరదర్శినికి శత్రువు ఉప్పుగాలి. అల్యూమినియముమీద సహజముగా నేర్పడు రక్షకపు పొరను సముద్రలవణములోని క్లోరైడు తూట్లు పొడుచును; తేమయు తోడైనచో కొలది కాలములోనే అద్దముమీద సన్నని చుక్కలు లేచును. రక్షణపూత గలిగిన అద్దమునే కోరి చేయించుకొనుట, వాడని వేళ రెండు కొనలకును మూతలు బిగించి తేమను పీల్చు సిలికా గుళికల సంచి లోపల నుంచుట, ముఖ్యముగా గుడ్డతో తుడువకుండుట విధి. ఉప్పు, ఇసుక నలుసులు గుడ్డక్రింద పడి గీసిన గీతలు ఎన్నటికిని పోవు. కడుగవలసివచ్చినప్పుడు తొట్టిలో శుభ్రమైన నీరు పోసి రెండు చుక్కల సబ్బు కలిపి, అద్దమును కొంతసేపు నాననిచ్చి, తడిపిన దూదిని తన బరువు తప్ప వేఱు ఒత్తిడి లేకుండ ఒకే దిక్కునకు ఈడ్చి, తుదిని బ్యాటరీలకు పోయు స్వేదనజలముతో కడిగి, నిలువుగా ఆరబెట్టవలయును. బావినీటితో కడిగి విడిచినచో ఆ నీటిలోని లవణములే మఱల అంటుకొనును. గొట్టపు మూతిని ఒకటిన్నర జానల నల్లని అట్టతో పొడిగించినచో మంచు చిన్నదర్పణముమీద పడకుండును. తీరవాసము కీడే గాక మేలును చేయుచున్నది: పగటికిని రాత్రికిని ఉష్ణోగ్రతలో భేదము దక్కను పీఠభూమిమీదకంటె ఇచ్చట స్వల్పము గావున అద్దము శీఘ్రముగా బయటిగాలితో సమోష్ణమగును, దానిపైన వేడిగాలి తెరలు లేచి బింబమును కదలించుట తక్కువ.

ఉద్దానపు పెరళ్ళలో కొబ్బరి, జీడి, పనస చెట్లు నలుదెసలు క్రమ్ముకొనియుండుట చూచినవారికి ఆకాశ మెచ్చటనున్నదని సందేహము కలుగుట సహజము. నడినెత్తిన నున్న వస్తువులకు పెరడు చాలును. దక్షిణాకాశమునకై నౌపడ మడులవైపునకు పోవలయును. పలాస ఈశాన్యమునను, టెక్కలి వాయవ్యమునను ఉండుటచేత పట్టణపు దీపకాంతి వెనుకదిక్కున నిలిచిపోవును. దక్షిణమున ఉప్పుమడులు, బురదనేలలు, వానిని దాటి కొలదిమైళ్ళలోనే బంగాళాఖాతము. అడ్డుగా కొండ లేదు, ఊరు లేదు. జూను మొదలు సెప్టెంబరు వఱకు మేఘము, అక్టోబరు నవంబరులలో వాయుగుండముల భయము. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఈ తీరముననే నేల తాకి ఉద్దానపు తోటలను నేలమట్టము చేసినది ఎవరును మఱవలేదు. డిసెంబరునుండి మే వఱకు గల కాలము మనది.

గ్రహములను, చంద్రుని గూర్చి విస్తరింప నక్కఱలేదు: గురుని చంద్రులు నాలుగును, శని వలయమును, చంద్రుని కుహరములును ఏ గ్రంథము చూచినను కనబడును. మెస్సియే పట్టికయను నూటపది వస్తువుల జాబితా ఔత్సాహికులకు ప్రమాణగ్రంథమువంటిది; అది 18వ శతాబ్దమున పారిస్ నగరమునుండి కనబడిన ఆకాశమును బట్టి ఏర్పడినది. అచ్చట క్షితిజమునకు దిగువన నుండిపోయిన వానిని లకాయ్ అను ఫ్రెంచి జ్యోతిర్విదుడు 1751, 52 సంవత్సరములలో ఆఫ్రికా దక్షిణాగ్రమునకు పోయి చిన్నకటకముతో చూచి జాబితా చేసెను. 1834 మొదలు 1838 వఱకు జాన్ హెర్షెల్ తన తండ్రి విద్యను అనుసరించి పదునెనిమిదంగుళములకు పైబడిన లోహదర్పణమును అక్కడికే కొనిపోయి వానిని సమగ్రముగా పరిశీలించెను. ఇంతదూరము ఓడలలో పోయి వారు చూచిన వస్తువులలో అనేకములు మన మడుల గట్టునుండి కనబడునవే. ఏప్రిలు మధ్యమున రాత్రి తొమ్మిదింటికి కరీనా మండలపు మహానీహారిక దక్షిణమున పండ్రెండు డిగ్రీల ఎత్తున నుండును. అది ఓరియను నీహారికకంటె విశాలమైనది. మే మధ్యమున, ఆ వేళకే, త్రిశంకువు సముద్రముమీద నిటారుగా నిలుచును.

మఱియొక గంటకు, పది కొట్టుటకు కాస్త ముందు, ఓమెగా సెంటారి ఇరువదినాలుగు డిగ్రీల ఎత్తునకు వచ్చును. చీకటికి అలవాటుపడిన కంటికి అది మసకతార. 1677లో సెయింట్ హెలీనా ద్వీపమునుండి చూచిన హాలీ దానిని నీహారికగా గుర్తించెను. ఆరంగుళముల దర్పణమునకు ఇరువదియైదు మిల్లీమీటర్ల నేత్రకటకమును తగిలించిన వృద్ధి నలుబదియెనిమిది రెట్లు. ఆ క్షేత్రములో సగమునకు పైగా అది నిండును. మొదట తెల్లని పొగగా తోచును. శ్వాస నిలిపి, దృష్టిని సూటిగా గాక కొంచెము ప్రక్కకు త్రిప్పి, రెండు మూడు నిమిషములు చూచుచుండగా అంచులనుండి లోపలికి పొగ విడివడి, విడివిడి తారలుగా మాఱును; పది మిల్లీమీటర్ల కటకమును మార్చినచో మధ్యభాగము సైతము తారలమయమగును. సుమారు పదిహేడువేల కాంతిసంవత్సరముల దూరముననున్న, కోటి తారల గోళగుచ్ఛమది. మన నక్షత్రవీథి చుట్టును తిరుగు గుచ్ఛములలో ఇంత పెద్దది మఱియొకటి లేదు. అచ్చటనుండి గొట్టమును నాలుగున్నర డిగ్రీలు ఉత్తరమునకు ఎత్తినచో, కోటి ఇరువది లక్షల కాంతిసంవత్సరముల కావల నున్న వేఱొక నక్షత్రవీథి గుండ్రని మసకకాంతిగా గోచరించును. దానిని నడుమన రెండుగా చీల్చుచు అడ్డముగా పోవు నల్లని ధూళిపట్టీని జాన్ హెర్షెల్ తన పెద్దయద్దముతో స్పష్టముగా వర్ణించెను. చంద్రుడు లేని పొడిరాత్రి ఆరంగుళముల అద్దమునకు ఆ పట్టీ అందీయందక యుండును. ఎనిమిదంగుళములు తీర్చుకొనగలవారు ఎనిమిదే తీర్చుకొనుడని నేను చెప్పుటకు కారణ మదియే.